నవ్వే రోగికి దిగులు మందు ఇప్పించమని

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: కొకైన్ మానలేక, మానితే బతకలేక ఉన్న మా తమ్ముడికి దిగులు తగ్గే మాత్రలు ఇప్పించుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా తమ్ముడు ఫొటో స్టూడియో నడుపుచున్నాడు. అందులోనే ఫొటోలకు మెరుగులు దిద్దుట, అనగా జనం కళ్ళ కింద నలుపు తీసివేయుట నా పని.

2. సదరు తమ్ముడు కొకైన్‌కు బానిసయ్యాడు. మానాలని ఉంది. మానేస్తాడు కూడా. మానగానే దిగులు ముంచుకొస్తుంది. షట్టర్ దించి, తిండి మాని, గోడవైపు తిరిగి పడుకుంటాడు. అది ఓర్చుకోలేక మళ్ళీ ఆ పొడి దగ్గరికే పోతాడు.

3. తమ మత్తు విముక్తి విభాగపు డాక్టరమ్మగారు ఓపికగా విన్నారు. ఆ మాత్రలు కొకైన్‌ను నేరుగా మాన్పించవని, దిగులు తగ్గితే కొందరికి మానే శక్తి రావచ్చునని, అయితే దిగులు ఉన్నట్టు ఎదురుగది మానసిక వైద్యులు రాయవలెనని సెలవిచ్చారు.

4. ఎదురుగదిలో కొంప మునిగింది. డాక్టరుగారు మర్యాదకు చిన్నగా నవ్వారు. మా వాడు వెంటనే అంతకు రెట్టింపు నవ్వాడు. అయ్యా, అది వృత్తి. ఎదుటివారు నవ్వాలంటే ముందు తాను నవ్వాలని మా నాన్న నేర్పిన పని. పైగా డాక్టరుగారిని గడ్డం కాస్త ఎత్తమన్నాడు. "ఇంత హుషారైన మనిషికి దిగులేంటమ్మా?" అని వారు అదే రాసిచ్చారు. నేను లబోదిబోమంటే, కావాలంటే మాత్రలు నాకు రాస్తామన్నారు.

5. అప్పటినుంచి ఈ గదివారు ఆ గదికి, ఆ గదివారు ఈ గదికి. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వాడి గది తలుపుకు గడియ ఊడదీయించాను. నిన్న వాడు, "అక్కా, నాదొక మంచి ఫొటో చూసి పెద్దది చేయించి ఉంచు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. భయమేసింది.

కావున మరల పరీక్ష చేయించి, తగిన మాత్రలు ఇప్పించి, మా వాడిని దక్కించవలెనని ప్రార్థన. రేపు మాపు అనక, ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్టూడియో అక్క

తా.క.: ఈ అర్జీకి జతపరచుటకు వాడి ఫొటో తీయబోయాను. కెమెరా ఎత్తగానే నవ్వాడు. నవ్వకురా అన్నాను. "ఆగట్లేదక్కా" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూనే. అందుచేత ఫొటో జతపరచలేదు, మనిషినే తెచ్చాను. తమ గది బయట బెంచీ మీద ఉన్నాడు. లోపలికి పిలిచినప్పుడు, దయచేసి తమరు నవ్వకండి.