కవాగుచిలో ఒడిబియ్యం

అత్తమ్మకు,

కవాగుచి నుంచి మీ అల్లుడు బాలప్ప దండాలు పెట్టి రాస్తున్నాను. చంద్రిక, ప్రవీణ్, నేను ముగ్గురం బాగున్నాం. చిట్కుల్‌లో మీ మోకాలి నొప్పి తగ్గిందని, బావమరిది దశరథ్ ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను.

ఇవాళ ఆదివారం. రేపు సాయంత్రం విమానం కాబట్టి జపాన్‌లో తిరగడానికి నాకిదే చివరి రోజు. పొద్దున ఏడింటికే చంద్రిక కుంకుమ భరిణె పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. సాయంత్రం కొత్త ఫ్లాట్‌లో తనకు ఒడిబియ్యం పోయాలి, అయిదుగురు ముత్తైదువలను పిలవాలి. పుష్ప ఉంటే ఇదంతా తనే చూసుకునేది. తల్లి పోయిన పద్నాలుగు నెలలకే గృహప్రవేశం, పుట్టింటి మర్యాద తక్కువ కావద్దని, ఒడిలో పోసే బియ్యం ఇచ్చి మీరు నన్ను పంపారు.

"ఫోన్ చేస్తే సరిపోదా బిడ్డా?" అన్నాను.

"బొట్టు పెట్టి పిలువకుంటే ఎట్లొస్తరు బాపూ? రేపు నా మొఖం సూస్తరా?"

ప్రవీణ్ నవ్వాడు. "నడువు మామా. గీడ ఆటో గూడ ఉండదు, అన్నీ రైళ్ళే."

మొదట నిషిత ఇల్లు. వాళ్ళ నాన్న సూర్యారావు, నేను గడ్డపోతారం కంపెనీలో పన్నెండేళ్ళు ఒకే షిఫ్టు. నన్ను చూడగానే నిషిత వంటింట్లోకి పరుగెత్తింది.

"జెర ఆగుండ్రి అంకుల్, గిన్నెలు దాచి వస్త! మీరు అందరి టిఫిన్ డబ్బాలు ఖాళీ చేస్తుండెనంట గదా?"

"మీ డాడీ డబ్బా మాత్రం ముట్టలే బిడ్డా. కారం తప్ప ఏముండె దాంట్ల?"

సర్వపిండి పెట్టింది. ఇక్కడి పిండితో చేస్తే గిన్నెను వదలలేదట, గీకి పెట్టింది. బాగుంది. తర్వాత మా చెల్లెలి బిడ్డ అంకిత ఇంట్లో మళ్ళీ తిన్నాం. మూడో ఇంట్లో తిండి వద్దంటే, తింటేనే బొట్టు పెట్టించుకుంటామని కూర్చున్నారు. నాలుగో ఇంటికి చేరేలోపే నేను రైల్లో నిద్రపోయాను.

అయిదో ఆవిడకు డ్యూటీ పడింది. ఆమెకు బదులు చంద్రిక పక్క ఫ్లాట్ మొరితా గారిని పిలుచుకొచ్చింది. మీరేం అడుగుతారో తెలుసు. ఉన్నాడు. ఆవిడ భర్తకు ఎనభై రెండేళ్ళు, సైకిల్ తొక్కుతాడు.

మీరు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబు: చలి బాగానే ఉంది, స్వెట్టర్ సరిపోయింది. చంద్రిక సన్నబడలేదు, కొంచెం ఒళ్ళు చేసింది. మీ బియ్యం ఎవరెవరు పోస్తారని కూడా అడిగారు.

మీ బియ్యం పోయలేదు అత్తమ్మా. అవి ఎయిర్‌పోర్టులోనే ఆగిపోయాయి. ధ్రువపత్రం లేకుండా బియ్యం ఈ దేశంలోకి రానివ్వరట. ముందే కనుక్కోకపోవడం నా తప్పు. మీరు చెరిగి, రాళ్ళు ఏరి, కొలిచి ఇచ్చిన అయిదు సేర్లు అక్కడి బల్ల మీద పెట్టి వచ్చాను. ఫోన్‌లో మీతో "మంచిగ చేరినయి" అన్నాను. అది అబద్ధం. ఇవాళ పసుపు కలిపినవి ఇక్కడి దుకాణం బియ్యం.

ఇంకొకటి ఉంది. జంట లేని చెయ్యి ఒడిలో పడొద్దని మీరు చెప్పి పంపారు. నేను వంటగదిలోనే నిలబడ్డాను. అయిదుగురూ పోశారు. చంద్రిక పీట మీద నుంచి లేవలేదు.

"బాపూ, రా."

"అమ్మమ్మ వద్దన్నది బిడ్డా."

"అమ్మమ్మకు నేను చెప్త. నాకు పుట్టిల్లు అంటే ఇగ నువ్వే గద. నువ్వు పొయ్యకుంటే గివి దుకాణం బియ్యమే."

పోశాను. అయిదు దోసిళ్ళు. మొరితా గారు ఏమనుకున్నారో, చప్పట్లు కొట్టారు. అందరూ నవ్వారు. చంద్రిక ఒడి పట్టుకుని, బియ్యం కింద పడేంతగా నవ్వింది. ఈ పద్నాలుగు నెలల్లో అట్లా నవ్వడం నేను చూడలేదు.

ఇవన్నీ మీ ఎదుట నిలబడి చెప్పడం నాకు చేతకాదు. అందుకే ఈ కాగితాన్ని ఫొటో తీసి దశరథ్‌కు పంపుతున్నాను, చదివి వినిపిస్తాడు. కోపం ఉంటే నేను వచ్చాక నన్ను తిట్టండి. పిల్లను ఏమీ అనకండి.

ఒడిబియ్యం వండి నలుగురికీ పెడితేనే పూర్తయినట్టని మీరే అంటారు. రేపు ఇక్కడ సెలవు, పిలిచిన వాళ్ళందరూ మళ్ళీ వస్తున్నారు. పొద్దున లేచి ఆ బియ్యం నేనే కడిగి వండుతాను. ఇక్కడ పదింటికి, మీకు ఆరున్నరకు, చంద్రిక విస్తట్లో మొదట వడ్డించి మీకు వీడియో కాల్ చేస్తాను.

ఇట్లు,
మీ పెద్దల్లుడు
బాలప్ప