ఒక్క ముక్కుకు నలుగురు వారసులు

విశాఖపట్నం, కంచరపాలెం కాపురస్థుడను, స్టీల్ ప్లాంటు ఫౌండ్రీలో చెక్క నమూనాలు చెక్కి రిటైరైన బొడ్డేటి వరహాలు అను నేను, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా స్వార్జితమైన ఇంటి గురించి రాయించిన వీలునామా. కంటికి ఆపరేషన్ అయింది కాబట్టి చూపు కూడా బాగానే ఉంది. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనల్లుడు, వకీలు సాయిశంకర్‌ది.

1. ఇంటి వెనక భాగం నా భార్య తాయారుకు, సర్వహక్కులతో. మా కాలనీ కమిటీని వెక్కిరిస్తూ నేను చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మలకు మైదా బంక ఉడికించిందీ, పాలకు వెళుతూ వీధి స్తంభాలకు అంటించిందీ ఆవిడే. ఇన్నాళ్లూ కాలనీ కమిటీ తిట్లన్నీ నేనే తిన్నాను. ఇకమీదట ఆవిడ వాటా ఆవిడకు చెందుతుంది.

2. వీధివైపు కొట్టుగది ఫ్రేములు కట్టే మొహియుద్దీన్‌కు, ఆయన తరువాత ఆయన కూతురు ఖుష్నుమాకు. ఆయన ఏళ్ల తరబడి అందులో అద్దెకున్నాడు. మా వీధిలో దేవుడి పటాలకు ఫ్రేములు కట్టింది ఆయనే. ముస్లింలకు గదులు ఇవ్వకూడదనీ, వాళ్ల దగ్గర ఏదీ కొనకూడదనీ కమిటీ తీర్మానించింది. ఆ పటాలకు దండం పెట్టుకుని వచ్చే తీర్మానించారు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

3. ఆ మంటలో చెక్కిన టేకు అచ్చు ఒకటి ఉంది. అందులో ఒక పెద్దమనిషి, నోటికి తాళంకప్ప, చేతిలో హారతి పళ్లెం, పళ్లెంలో కర్పూరం బదులు తాళంచెవులు. ముక్కు నా సొంత కల్పన. అయినా కమిటీవాళ్లు నలుగురు, ఒకరికి తెలియకుండా ఒకరు, వచ్చి దెబ్బలాడారు. అధ్యక్షుడు ఎల్లాజీ అయితే "నా ముక్కే దొరికిందేటి బావా? నాను నీకేటి సేసినాను?" అన్నాడు. కాబట్టి ఆ అచ్చు నలుగురికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. ముక్కు తనదేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నవాడు పట్టుకుపోవచ్చు. అంతవరకు అది మొహియుద్దీన్ కొట్టులో మంచి ఫ్రేములో వేలాడాలి.

4. ఉలులు, ఇంకు రోలరు మనవరాలు యశస్వినికి. అచ్చు సరిగ్గా పడాలంటే చెక్క మీద అంతా తిరగేసి చెక్కాలి, మరిచిపోకు తల్లీ.

5. మేడ నా కొడుకు గుణశేఖర్‌కు, షరతు మీద. నేను ఆసుపత్రిలో ఉండగా కమిటీ మాట విని మొహియుద్దీన్ చేత గది ఖాళీ చేయించింది వాడే. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని అన్నం తిన్నాడు, బాబాయ్ అనేవాడు. ఆ రోజు మాత్రం "ఏయ్, సామాన్లు తియ్" అన్నాడట. ఆసుపత్రి నుంచి రాగానే పాత ఊళ్లో ఉంటున్న మొహియుద్దీన్‌ను నేను వెళ్లి తిరిగి రమ్మన్నాను. "పిలవాల్సినోడివి నువ్వు కాదన్నా" అన్నాడు.

కనుక నా పెద్దకర్మ అయిన వారంలోగా గుణశేఖర్ పాత ఊరు వెళ్లి, కొట్టు తాళంచెవి ఆయన చేతికిచ్చి, బాబాయ్ అని పిలిచి రమ్మనాలి. పిలిచాడని మొహియుద్దీన్ చెబితే మేడ వాడిది. పిలవకపోతే మేడ కూడా ఖుష్నుమాదే. అందులో వాడికి అద్దెకివ్వాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం.

తేదీ: 11 ఆగస్టు 2025, కంచరపాలెం.

(సంతకం) బొడ్డేటి వరహాలు

సాక్షులు:
గౌరీశ్వరి, పక్కింటి టీచరు
డాక్టర్ సూర్యకాంతమ్మ, గోపాలపట్నం