కొమురెల్లి కాక మోకాలికి ప్రార్థన

మే 5, ఉదయం 5:00
పుస్తకాలు వచ్చేశాయి! బి.టిహెచ్., దూరవిద్య, మూడేళ్లు. నలభై మూడేళ్ల వయసులో, గని వర్క్‌షాపు ఫిట్టర్ లింగమూర్తి అనే నేను దైవశాస్త్రం చదవబోతున్నాను. రోజూ ఐదు నుంచి ఆరున్నర వరకు చదువు. ఫోన్ ముట్టను. ఎర్ర సిరాతో రాసి గోడకు అంటించాను.
ఈరోజు చదివింది: ముందుమాట. అద్భుతం!

మే 6, 5:10
గ్రీకు అక్షరాలు ఆరు వచ్చాయి. డ్యూటీలో హెల్మెట్ మీద సుద్దతో రాసుకున్నాను. సూపర్‌వైజర్ తుడిపించాడు.

మే 9, 7:40
సెకండ్ షిఫ్టు చేసి అర్ధరాత్రి ఇల్లు చేరినవాడు ఐదింటికి లేవగలడా? ఈ టైంటేబుల్ వేసిన మహానుభావుడెవరు? నేనే. పుస్తకం తెరిచానో లేదో మా ఆవిడ రమ, "చదువు సరే, కూలర్ల నీళ్లు ఎవరు పోస్తరు?" అంది. పోశాను. మూడ్ పోయింది.

మే 14
ముందు ప్రాక్టికల్ చేయడమే తెలివైన పని. "రోగి కోసం ప్రార్థించి, ఫలితం రాయండి. 20 మార్కులు."
రోగి దొరికాడు! పక్క క్వార్టర్ కొమురెల్లి కాక. మోకాలు అరిగింది. ఎల్లుండి కంపెనీ మెడికల్ బోర్డుకు పోతున్నాడు. ప్రార్థన చెయ్యమని తనే అడిగాడు. "బోర్డు నన్ను అన్‌ఫిట్ అంటెనే మా పోరడు జైపాల్‌కు నా నౌకరి వస్తది బిడ్డా..." అని ఇంకా ఏదో చెబుతున్నాడు. నేను అప్పటికే ఇరవై మార్కుల ధ్యాసలో ఉన్నాను.

మే 15, సాయంత్రం 6:00
నలభై నిమిషాలు ప్రార్థించాను! ఆరు గ్రీకు అక్షరాలూ వాడాను. మోకాలు, బీపీ, చూపు, ఏదీ వదల్లేదు. "ప్రభువా, ఇరవై ఏళ్ల పిల్లాడిలా నడిపించు!"
"చాలు బిడ్డా, ఇగ చాలు" అన్నాడు కాక. వినయం అనుకున్నాను.

మే 19
బోర్డు కాకను ఫిట్ అంది.
అయ్యో! ఇక్కడే పుట్టి పెరిగాను, ఏం అడుగుతున్నానో ఒక్క క్షణం ఆలోచించలేదు. కాక భార్య సారలమ్మ చిన్నమ్మ మా గుమ్మంలో నిలబడింది. "నిన్ను బాగు చెయ్యమని ఎవలడిగిండ్రు రా? నా కొడుకు నోట్ల మన్ను కొట్టినవ్!" వెనకాల జైపాల్ ఆమెను చెయ్యి పట్టి ఇంటికి తీసుకుపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మే 23
చదువు బంద్. కారణాలు: ఎండ, కరెంటు కోత, మనశ్శాంతి లేకపోవడం. బోర్డుకు పోయేవాళ్లు నన్ను చూసి దారి మారుస్తున్నారు. షుగరున్న వాళ్లు మాత్రం ప్రార్థన కోసం వరుస కట్టారు. పుస్తకాలు మంచం కిందకు తోశాను.

మే 28
కాక వచ్చాడు. తిడతాడనుకున్నాను. తలుపు దగ్గరికేసి కూర్చున్నాడు.
"ఎవ్వలకు చెప్పకు. మూడేండ్ల సంది గిప్పుడే నిండ నిద్ర పోతున్న. మోకాలు సలుపుతలేదు." కళ్లు తుడుచుకున్నాడు. "అప్పీలు పెడితె జూన్ ఇరవైకి బోర్డు మల్ల పిలిచింది. కాలు గిట్లనే ఉండాలె, పోరనికి నౌకరి గూడ రావాలె. గట్ల ప్రార్థన చెయ్యరాదా?"
ఆయన పోయాక పుస్తకాలన్నీ బయటికి లాగాను.

మే 29, ఉదయం 5:00
మళ్లీ మొదలు! ఇరవై రెండు రోజులున్నాయి. రోజూ గంటన్నర కాదు, మూడు గంటలు. కాక అడిగిన ప్రార్థన ఈ పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. దొరకకపోతే, దేవుడు నన్ను క్షమించుగాక, కాకకు బోర్డు ముందు కుంటడం నేర్పాలి.