కరెంటు పోయిన దారి

చిలకలూరిపేట,
ఏప్రిల్ 2.

ఏమండీ,

అస్సలాము అలైకుం. ఇక్కడ నేనూ అత్తమ్మా బాగున్నాం. కోయంబత్తూరులో మెస్సు తిండి మీ ఒంటికి పడుతోందో లేదో దాచకుండా రాయండి.

అత్తమ్మ దగ్గు తగ్గింది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లొద్దంటే వినదు, మూతికి గుడ్డ కట్టుకుని మరీ వెళ్తోంది. మీరు రాగి తీగ చుట్టి వైండింగ్ చేసిన పత్తి జిన్నింగ్ మిల్లు మోటారు బాగానే తిరుగుతోందట. ఆ మిల్లు వెంకయ్య గారు బస్టాండులో కనిపించి చెప్పారు.

ఇక మీరు ఉత్తరంలో అడిగిన ప్రశ్న. ఫోన్లో అయితే మీరు మధ్యలోనే "ఏం కాదులే" అనేస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

గుంటూరు ల్యాబ్‌లో నేను పెంచే స్ఫటికం మీకు చూపించాను కదా. గోరంత నల్లటి పలక, పొరలు పొరలుగా ఊడొస్తుంది. బాగా చల్లబరిస్తే దాని లోపలి భాగం కరెంటును పోనివ్వదు, అంచులు మాత్రం పోనిస్తాయి. డిసెంబరులో అలాంటి ఒక రాయిని ఇంకా చల్లబరిస్తే నిరోధం ఒక్కసారిగా సున్నా అయింది. అంటే కరెంటు ఏ అడ్డూ లేకుండా, ఏమాత్రం వేడెక్కకుండా పోతోందన్నమాట. సూపర్‌కండక్టర్, అదీ మామూలు సిద్ధాంతానికి అందని రకం! మా గైడు హెలెన్ మేడమ్ నా చేతులు పట్టుకుని ఊపేశారు. దాని మీద జర్నల్‌కి పేపర్ పంపాం. అత్తమ్మ వీధంతా సేమియా పాయసం పంచింది.

అప్పుడు మీరు రాశారు: "మేం మోటారు విప్పితే కరెంటు తీగ చుట్టలోంచే పోతోందా, మధ్యలో దారి తప్పుతోందా అని ముందు చూస్తాం. నీ రాయిలో అది చూశావా హీనా?"

చూడలేదండీ. జనవరిలో రెండో రాయిని కొలిస్తే సున్నా రాలేదు. తీగలు సరిగా అతకలేదని నోటుబుక్కులో రాసి పక్కన పెట్టేశాను. మేడమ్‌కి చెప్పలేదు. నా ఫెలోషిప్ పొడిగింపు ఆ పేపర్ మీదే ఆధారపడి ఉంది మరి.

చివరికి ఫిబ్రవరిలో మొదటి రాయిని మైక్రోస్కోపు కింద పెట్టాను. చలికి పై పొర విడిపోయింది. కరెంటంతా కింది పొరల్లోంచి పోతోంది, కొలిచే తీగలేమో పై పొర మీద ఉన్నాయి. కరెంటే రాని చోట కొలిస్తే సున్నా కాక ఏమొస్తుంది?

నోటుబుక్కు తీసుకెళ్లి మేడమ్ ముందు పెట్టాను. ఆ పేజీ రెండుసార్లు చదివారు.

"ఇది జనవరి తేదీ కదా హీనా?"

"అవునండి. అప్పుడే చెప్పాల్సింది."

"నాకు చాలా కోపంగా ఉంది. అయినా కూర్చో. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని ఇద్దరం కలిసే రాద్దాం."

పొడిగింపు రాలేదు. జులైతో ఫెలోషిప్ ఆగిపోతుంది. ఈలోగా ఇంకో ఐదు రాళ్లు కొలిచాం. దేంట్లోనూ సున్నా లేదు. అంచుల్లో కరెంటు మాత్రం అన్నిటిలోనూ వచ్చింది. చిన్న సంగతే, కానీ నిజం. ఇప్పుడు దాని గురించే రాస్తున్నాం.

నిన్న అత్తమ్మకి చెప్పాను. "పాయసం పంచాం కదే, ఇప్పుడు వీధికేం చెప్దాం?" అంది. "తప్పయిందని చెప్దాం" అన్నాను. అప్పుడు అత్తమ్మ, "సరే, వీధి సంగతి నేను చూసుకుంటా. ముందు మా ముదస్సిర్‌కి చెప్పు" అంది.

చెప్పాల్సింది ఇంకొకటుంది. మీ ఉత్తరం అందలేదని ఫోన్లో అన్నాను చూడండి, అది అబద్ధం. జనవరి ఆఖర్లోనే అందింది. పదో తరగతి చదివిన మనిషి నన్ను అడగడమేంటని కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. మూడు వారాలు బియ్యం డబ్బా వెనక దాచాను. మీరేమో "పోస్టులో పోయుంటుందిలే, మళ్లీ రాస్తా" అన్నారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. నన్ను క్షమించండి.

ఆ ఉత్తరం మళ్లీ రాయనక్కర్లేదు. ఇంకోటి రాయండి. మీకు ఏది తోస్తే అది అడగండి. చదివిన రోజే జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ మాట కోసం ఎదురుచూసే మీ ఇల్లాలు,
హీనా