స్పామ్‌లో పడిన పిలుపు

2013 జూన్ 10, కామారెడ్డి
మళ్ళీ కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటరే నడుస్తోంది — నాది. మా సెంటర్‌లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళకు ఇంటర్వ్యూ పిలుపులు ఈమెయిల్‌లో పంపడం నా పని. ఈమధ్య ఒక్కరూ జవాబివ్వరు. సెంటర్ యజమాని రవీందర్ అన్నకు చెబితే, పిల్లలకు సోయి లేదంటాడు.

జూన్ 14
ఎల్లారెడ్డి బ్రాంచి నుంచి సరోజక్క ఫోన్. అక్కడ పాఠాలూ ఆమెవే, ఆఫీసూ ఆమెదే. అక్కడ నేర్చుకున్న లావణ్య ఏడుస్తోందట. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి పిలుపు వచ్చింది ఆ అమ్మాయికే. నిన్న ఇంటర్వ్యూ అయిపోయింది. పోయిన వారమే మెయిల్ పంపాను... వెళ్ళింది కూడా. స్పామ్‌లోకి, చెత్త మెయిళ్ళు పడే చోటికి. అలాంటిదొకటి ఉంటుందనే లావణ్యకు తెలియదు.
ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఇంకొకరిని తీసుకున్నారట.

జూన్ 15
వేరువేరు మెయిల్ కంపెనీల్లో ఖాతాలు తెరిచి, నాకు నేనే పంపుకుని చూశాను. ఒక్కదాంట్లో తప్ప అన్నిట్లో స్పామ్.

జూన్ 19
చదువుతున్నాను. రాసుకుంటే మనసులో నిలుస్తుంది.
మా మెయిల్ చిరునామాలో చివర వచ్చే సెంటర్ పేరు — అదే డొమైన్. ఆ పేరుతో వచ్చిన మెయిల్‌ను ఎవరు తెరిచారు, ఎవరు స్పామ్ అని నొక్కారు, లేని చిరునామాలకు ఎన్ని వెళ్ళి తిరిగొచ్చాయి... మెయిల్ కంపెనీలు అన్నీ గమనిస్తాయి. దాన్నిబట్టి పేరుకు పరపతి. అది పోయాక మంచి మెయిల్ కూడా స్పామ్‌కే. లావణ్యది అలాగే పోయింది.

జూన్ 20
కారణం దొరికింది. ఎండాకాలంలో నేను సెలవులో ఉన్నప్పుడు అన్న హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో మెయిల్ చిరునామాల సీడీ తెచ్చాడు. అందులో ఉన్న అందరికీ అడ్మిషన్ల ప్రకటన పంపించాడు. చాలా చిరునామాలు ఎప్పుడో మూతపడ్డవి. మిగతావాళ్ళకు మేమెవరో తెలియదు.
చెప్పాను. టీ తాగుతూ విన్నాడు.
"పేరు ఖరాబైతే కొత్త పేరు తీసుకుందాం. పాతది ఇడిసిపెట్టు."
కొత్త పేరును మొదట్లో ఎవరూ నమ్మరని, దాంతో కూడా ఇలాగే పంపితే అదీ ఇలాగే అవుతుందని అన్నాను.
"మరి అడ్మిషన్లు ఎట్లయితయ్?"


జూన్ 24
ఇక తెలియనివాళ్ళకు పంపనని అన్న ఒప్పుకున్నాడు. సంతోషంగా కాదు.

జూలై 8
మా పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్‌కు ఉందో డొమైన్ రికార్డుల్లో పెట్టించాను. ప్రతి మెయిల్‌కూ సంతకంలాంటిది చేర్పించాను, వేరేవాళ్ళు మా పేరు వాడితే తెలిసిపోయేలా. ఇంత చిన్న పనికి సర్వర్ వాళ్ళు ఎంత తిప్పారో.

జూలై 11
తిరిగొచ్చిన చిరునామాలన్నీ తీసేశాను. వద్దనుకునేవాళ్ళు నొక్కడానికి అడుగున ఒక లింకు పెట్టాను. ఎవరైనా స్పామ్ అని నొక్కితే ఒక మెయిల్ కంపెనీ మాకు తెలియజేస్తుంది. అలా నొక్కినవాళ్ళకు ఇక ఎప్పుడూ పంపకూడదు. ఇది నేను పెట్టిన నియమం. అన్నకు కూడా ఇదే వర్తిస్తుంది.

జూలై 22
మొదట జవాబిచ్చే అలవాటున్న కొద్దిమందికే పంపుతున్నాను. నెమ్మదిగా పెంచాలి. అన్న ప్రతి సాయంత్రం వచ్చి నిలబడతాడు. తెర చూసి వెళ్ళిపోతాడు.

ఆగస్టు 6, ఎల్లారెడ్డి
దారిలో లింగంపేట దాకా వాన. పిల్లలకు స్పామ్ ఎక్కడుంటుందో, అందులోంచి మెయిల్ బయటికి ఎలా తేవాలో చూపించాను. లావణ్య వెనక బెంచీలో. తల్లితో కలిసి బీడీలు చేస్తోందని సరోజక్క అంది.

సెప్టెంబర్ 3
ఇంటర్వ్యూ పిలుపుకు బీర్కూర్ అమ్మాయి ఒకరి నుంచి జవాబు. "అందింది అక్కా, పోతున్న."
ఇన్‌బాక్స్‌లోనే పడిందట.

అక్టోబర్ 9
దసరా ఆఫర్ అందరికీ రోజూ పంపుదామన్నాడు అన్న. ఒక్కసారే అన్నాను. ముఖం చిట్లించుకుని వెళ్ళిపోయాడు. ఒక్కసారే పంపాం.

నవంబర్ 12
నా ఖాతాలు అన్నిట్లోనూ ఇన్‌బాక్స్. అన్న పక్క హోటల్ నుంచి మిర్చీలు తెప్పించాడు.

నవంబర్ 20
స్పామ్ అని నొక్కినవాళ్ళలో ఒక పేరు — లావణ్య.
తీసేశాను.

డిసెంబర్ 4
ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. ఆపరేటర్ కావాలి. మొదటిసారి రాని ఆ ఎల్లారెడ్డి అమ్మాయి ఇప్పుడు వస్తుందా అని అడిగారు.
లావణ్య నంబరు స్విచాఫ్.
"పంపేయ్. ఒక్క మెయిల్‌కు ఏమైతది?" అన్నాడు అన్న.
డొమైన్‌కు ఏమీ కాదు. అది నాకూ తెలుసు. కానీ వద్దని చెప్పింది కదా ఆ అమ్మాయి.

డిసెంబర్ 5, ఎల్లారెడ్డి
పిలుపును కాగితం మీద తీసుకుని బస్సెక్కాను. సరోజక్క ఇల్లు చూపించి వెళ్ళిపోయింది. వాకిట్లో తల్లీ కూతురూ ఎదురెదురుగా, ఒళ్ళో చాటలు.
"రా బిడ్డా, కూసో," అంది తల్లి.
ఎందుకు నొక్కావని నేను అడగలేదు. లావణ్యే చెప్పింది, బీడీ చుట్టే తునికాకు కత్తిరిస్తూ.
"నేనే నొక్కిన అక్కా. మెయిల్ వస్తదని దినాం నెట్ సెంటర్‌కు పోయి చూస్తుంటి. వచ్చినయన్నీ వేరేటోళ్ళకు నౌకర్లు దొరికిన ముచ్చట్లే. ఇగ చూడొద్దనుకున్న."
కాగితం ఇచ్చాను. చదివింది. మడిచి చాట కింద పెట్టుకుంది.
"ఆడ ఉండనీకె హాస్టల్ ఉంటదా?" తల్లి అడిగింది.
ఉంటుందన్నాను. లావణ్య తల్లివైపు చూసింది. మళ్ళీ ఆకు అందుకుంది. వెళ్తానని అనలేదు, వెళ్ళనని కూడా.

డిసెంబర్ 9, కామారెడ్డి
ఇంటర్వ్యూ ఈ రోజే. సరోజక్క ఫోన్. పొద్దున నిజామాబాద్ బస్సు కదిలాక బస్టాండులో లావణ్య తల్లి కనిపించిందట, ఒక్కతే. కూతుర్ని ఎక్కించడానికి వచ్చిందో, ఊరికే వచ్చిందో... పలకరించేలోపే వెళ్ళిపోయిందట.
ఆసుపత్రి నంబరు నా ముందే ఉంది. లావణ్య వచ్చిందా అని ఇంకా ఫోన్ చేయలేదు.