అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను

1985 జూన్ 12, బుధవారం
మంచిర్యాల

ఇవాళ గృహకూడిక మా ఇంట్లోనే జరిగింది. బొగ్గుబావిలో నడుము విరిగి మా ఆయన మంచాన పడ్డ ఈ రెండేళ్లలో, ప్రతి కూడికలోనూ లేచి నిలబడి నేను ఒకటే సాక్ష్యం చెబుతున్నాను: ఏ స్థితిలో ఉంచినా ప్రభువు నాకు తృప్తి ఇచ్చాడని. అది అబద్ధమని మా సంఘంలోని కమలమ్మక్క ఒక్కదానికే చెప్పుకున్నాను. పోయిన వారం బోరింగు దగ్గర ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను కూడా.

ఇవాళ ఆమే ప్రార్థన ఎత్తుకుంది.

"తండ్రీ, మా చెల్లె సుగుణకు తృప్తి లేదయ్యా. పొద్దుగాల లేస్తే మొగడు పోతే మంచిగుండు అనుకుంటాంది. జర ఆమెను క్షమించయ్యా."

గదినిండా మనుషులు. కానీ ఆమె చెబుతున్నది వాళ్లకు కాదు, దేవుడికి. ఇక మధ్యలో ఆపేదెవరు? కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాను. ప్రార్థన ముగియగానే, నోటి అలవాటు కదా, అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను.

ఆయన మంచానికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క పరదా.

"ఫికర్ జెయ్యకు చెల్లె, దేవునికి అప్పజెప్పిన" అని నా వీపు నిమిరి వెళ్లింది కమలమ్మక్క. వచ్చే బుధవారం ఆమె ముఖం ఎలా చూడను...

అన్నం తినిపిస్తుంటే ఆయన ముఖం తిప్పుకోలేదు. ముద్ద మింగి, మెల్లగా అన్నాడు.

"అందరికంటె నీ ఆమెన్ గట్టిగ ఇనవడ్డది."

ఏ స్థితిలో ఉంచినా అని ఎన్నిసార్లు అన్నాను ప్రభువా. ఇది కూడా అందులో ఉందా?