సుభద్ర పెళ్లికి నా సంతకం

పాడేరు, 14-2-1927

చి॥సౌ॥ కామేశ్వరమ్మకు పేరిశెట్టి దీవెనలు. నేను కులాసా, జ్వరం రాలేదు.

అమ్మాయిని వెంటబెట్టుకొస్తానని చెప్పి బయలుదేరాను గానీ, తేవడం లేదు. బడిపంతులు దానియేలును చేసుకోవడానికి అది మతం మారనక్కర్లేదట. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలునని రిజిస్ట్రారు చెప్పాడు. కానీ దానికి ఇరవయ్యొకటి నిండలేదు కనుక తండ్రి ఒప్పుకోవాలన్నాడు. ఒప్పుకోనన్నాను.

దాన్ని తీసుకురావడానికి దానియేలు ఇంటికి వెళ్తే, అతని తల్లి సన్నెమ్మ మంచినీళ్లిచ్చింది. "మీ గుంట సుక్కురోరం దీపమెట్టందే మెతుకు ముట్టదు బాబూ. మాది ఏసు ఇల్లే గానీ, సంతకెల్లి నువ్వులనూనె తెచ్చినాను. పాదిరిగారు కోప్పడినారు" అంది.

నువ్వేమన్నావని అడిగాను.

"పిల్ల పస్తుంటే నాను తినగలనా అన్నాను."

ఆ నీళ్లు తాగేశాను కామేశ్వరీ, తప్పనుకోకు. తిరిగి రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి సంతకం పెట్టాను. సుభద్ర నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పెళ్లి బుధవారం. దాని పట్టుచీర, కాస్త పసుపు బండివాడికిచ్చి బేగి పంపు. నువ్వే తెస్తే మరీ మంచిది. ఎర్రావు ఈనిందా? మీ అమ్మగారికి నమస్కారాలు.

అమ్మాయి లేచిపోయిందని మనవాళ్లెవరైనా అంటే, తండ్రి దగ్గరుండి చేస్తున్నాడని చెప్పు.